పైన తేలింది, లోన కలిసింది

శ్రీశైలం అరగంట నుంచి నీళ్ళు నములుతున్నాడు.

లాకప్ ఊచలకు ఇవతల ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్న రుఖయ్యాకు ఓపికకేం కొదవ లేదు. కొదవల్లా పొద్దుకే. ఇప్పుడు పదిన్నర దాటింది. సాయంత్రం నాలుగింటికి శ్రీశైలాన్ని కోర్టులో నిలబెడతారు. మనిషిని చంపిన కేసులో ఒకసారి రిమాండుకు పోయాక, వాడు చంపలేదని ఎవరు గొంతు చించుకున్నా వినే నాథుడుండడు. ట్యాంకర్ డ్రైవర్ సంగతి అయితే మరీను.

బయట బెంచీ మీద అతని భార్య బక్కమ్మ కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. నిన్న సాయంత్రం పటాన్‌చెరులో మందుల దుకాణం మీదున్న రుఖయ్యా ఆఫీసుకు మెట్లెక్కి వచ్చి, "మా ఆయన తప్పుడు పనులు చేసినోడే మేడమ్. మనిషిని సంపినోడు మాత్రం కాదు" అంది. ఆ ఒక్క మాటకే రుఖయ్యా కేసు ఒప్పుకుంది. మొగుణ్ణి దేవుడని పొగిడే పెళ్ళాల మీద ఆమెకు నమ్మకం తక్కువ. పదిహేనేళ్ళు ఫోరెన్సిక్ ల్యాబులో పనిచేసి, పైవాళ్ళతో పొసగక బయటికొచ్చి డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్న మనిషి ఆమె. ఎదుటివాడు ఆవులిస్తే పేగులు లెక్కపెడుతుందని స్టేషన్లో కానిస్టేబుళ్ళు చాటుగా అనుకుంటారు.

కేసు చూడబోతే చిన్నదే. బొంతపల్లి పక్కన పొలంలో కాపురముంటూ, కాజీపల్లిలో ఒక మందుల కంపెనీ వెనక గేటుకు కాపలా కాసే మొగులయ్య సోమవారం రాత్రి ఎనిమిదింటికి ప్రాణం వదిలాడు. మంగళవారం తెల్లవారేసరికి అతని బావి టోలీన్ కంపు కొడుతోంది. కంపెనీలు వాడి పారేసే ఆ ద్రవాన్ని మోసుకుపోయే శ్రీశైలం ట్యాంకరు శనివారం రాత్రి, సోమవారం రాత్రి ఆ బాటలో తిరిగినట్టు పెట్రోలు బంకు కెమెరాలో పడింది. బావిలో విషం పోశాడు, ఆ నీళ్ళు తాగి మొగులయ్య పోయాడు. ఊరివాళ్ళు ట్యాంకరు అద్దాలు పగలగొట్టారు, పోలీసులు డ్రైవర్‌ని పట్టుకొచ్చారు. పోస్టుమార్టం చేసిన డాక్టరు విషప్రయోగమని అనుమానం మాత్రం రాసి, మిగిలింది ల్యాబు చెప్పాలన్నాడు. ల్యాబు చెప్పడానికి నెల పడుతుంది.

"శనివారం రాత్రి ఆడేం పని నీకు?" రుఖయ్యా మళ్ళీ అడిగింది.

"చెప్పిన గద మేడమ్. నాలాల ఇడిసిన. మురికి సాల్వెంటు."

"ఎవరి బాయిల?"

"బాయిల కాదు! నాలాల. అందరిడిసే కాడనే." శ్రీశైలం తల దించుకున్నాడు. "తప్పే. కాదంటలేను."

"సోమవారం?"

వాకిట్లో నిలబడిన ఇన్‌స్పెక్టర్ కామరాజు గొంతు సవరించుకున్నాడు. వరసగా మూడు కేసులు వారంలోపు తేల్చాడని పై అధికారుల దగ్గర మంచిపేరు తెచ్చుకున్న మనిషి. నాలుగోది కూడా అదే లెక్కలో వేసుకుని ఉన్నాడు.

"శ్రీశైలం, ఇటు సూడు," అంది రుఖయ్యా. "బయట నీ పెండ్లాం నిన్నటి సంది పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. నువ్వు నోరు తెరువకుంటే నేను లేసి పోత. నాకేం పోయింది?"

శ్రీశైలం కళ్ళు వాకిలి వైపు పోయి వచ్చాయి.

"ఒక డ్రమ్ము టోలీన్ దించిన మేడమ్. మొగులయ్య బాయి కాడ, మోటరు కొట్టం పక్కకు. బాయిల పొయ్యలే, పిల్లల మీద ఒట్టు. దించి ఎల్లిపోయిన."

"ఎన్ని గొట్టంగ?"

"పదకొండు దాటింది."

"అప్పటికి మొగులయ్య పోయి మూడు గంటలు."

"నాకు తెల్వదు! తెలిస్తే ఆడికి పోదునా?"

"ఎవరు దించుమన్నరు?"

"గది ఒక్కటి అడగకున్రి." శ్రీశైలం ఊచలు పట్టుకున్నాడు. "ఇంటికి రంగులేపిస్తున్నం, పెయింటుల కలపనీకి కావాలన్నడు. పేరు చెప్తే ఈ లైన్ల ఏ కంపెనీ గేటూ నాకు తెరువది. జైలుకెళ్ళి వచ్చినంక గూడ బతకాలె గద మేడమ్."

కామరాజు నవ్వుతూ లోపలికి వచ్చాడు. "టోలీన్ తెచ్చింది తానేనని మీ ముందే ఒప్పుకున్నడు. మా పని సగం మీరే చేసిన్రు. శుక్రియా మేడమ్."

రుఖయ్యాకు విడిపించడానికి వచ్చి ఉరితాడు ఇంకో పేట పేనినట్టయింది. కాని ఆ మనిషి కళ్ళలో ఉన్నది చంపినవాడి భయం కాదు. ఉపాధి పోతుందన్న భయం. రెంటికీ తేడా ఆమెకు తెలుసు.

"సార్, మీరు కోర్టు కోసం బాయి ఫోటోలు తీయనీకి పోతున్నరట గద?" అని చేతిసంచి అందుకుంది. "నేనూ వస్త."

"కందకు లేని దురద కత్తిపీటకెందుకు మేడమ్?"

"కందను మీరు లాకప్‌ల పెట్టిన్రు సార్. దురద ఎవరిదో సూడాలె గద."

* * *

బావికి ఇరవై గజాల ఇవతలే ముక్కుకు కంపు తగిలింది. అచ్చం రంగుల దుకాణంలో వచ్చే వాసన. కామరాజు చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, చూశారా అన్నట్టు కనుబొమ్మలెగరేశాడు.

రుఖయ్యా ముందు బావి చుట్టూ తిరిగింది. గిలక లేదు. గిలక ఉండవలసిన రాతి స్తంభాలు ఎప్పుడో పడిపోయాయి. దిగే మెట్లు సగం కూలి తుమ్మచెట్లు మొలిచాయి. నీళ్ళు పైకి వచ్చే దారి ఒక్కటే, అడుగు దాకా దిగిన నల్ల పైపు. పడమటి దిక్కున మోటరు కొట్టం, దాని వెనక ముళ్ళకంచె, కంచె అవతల బండ్ల బాట. ట్యాంకరు ఆ బాటలోనే ఆగగలదు గాని ఇవతలికి రాలేదు.

సంచిలోంచి వెడల్పు మూతి గాజు సీసా తీసి, మెడకు తాడు కట్టి, నీళ్ళు తాకీ తాకనట్టు బావిలోకి దించింది. నిండాక పైకి లాగి గోడ మీద పెట్టింది. సీసాలో కింద నీళ్ళు, పైన వేలెడు మందాన ఇంకో ద్రవం. రెంటికీ మధ్య గీత కత్తితో కోసినట్టుంది.

"కనపడుతుందిగా విషం," అన్నాడు కామరాజు.

"కనపడుతుంది సార్. అదే నా బాధ." మూత బిగించి సీసాను గట్టిగా కుదిపింది. లోపలంతా పాలలా తెల్లబడింది.

"కలిసిపోయింది! ఇంకేం కావాలి?"

"జెర ఆగున్రి."

ఆగారు. కానిస్టేబుల్ మూడు ఫోటోలు తీసేలోగా తెలుపు విరిగిపోయి, బొట్లు బొట్లుగా పైకి ఎగబాకి, గీత మళ్ళీ వచ్చి కూర్చుంది. కామరాజు సీసాను కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చూశాడు.

రుఖయ్యా కొట్టంలోకి వెళ్ళి మోటరు వేసింది. పైపులోంచి దూకిన నీళ్ళను రెండో సీసాలో పట్టి ఇన్‌స్పెక్టర్ ముక్కు దగ్గర పెట్టింది. చల్లటి బావినీళ్ళ వాసన తప్ప ఏమీ లేదు. తొట్టి దగ్గర కట్టేసిన బర్రె మూతి ముంచి తాపీగా తాగసాగింది.

"మొగులయ్య తాగింది ఈ పైపు నీళ్ళే సార్. గిలక లేదు, చేద లేదు. టోలీన్ పైన తేలుతుంది, పైపు అడుగు నీళ్ళు గుంజుతుంది. బర్రె గూడ ఇవే తాగుతుంది, బతికే ఉన్నది."

"నీళ్ళన్నంక కొంచెమన్నా కలవదా?"

"కలుస్తది. అసలే కలవదని నేననను. చెంబుడు నీళ్ళల్ల చిటికెడంత. అదీ పైపైనే, అడుగు దాక దిగలే. దిగినా ఎద్దులాంటి మనిషిని పడగొట్టనీకి చాలదు."

సంచిలోంచి ఇంకో చిన్న సీసా తీసింది. తన ఆఫీసు కింది దుకాణంలో కొన్న సర్జికల్ స్పిరిట్. మోటరు నీళ్ళలో దాన్ని ఒంపితే గీత లేదు, తెలుపు లేదు, పోసిన జాడే లేదు.

"ఇదెట్ల మాయమైంది?" అన్నాడు కామరాజు, తెలియకుండానే ముందుకు వంగి.

"నీటి కణాలు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని ఉంటయి సార్, జాతరల తప్పిపోకుండ పిల్లలు పట్టుకున్నట్టు. స్పిరిట్ కణానికి గూడ అసొంటి చెయ్యి ఒకటున్నది. ఆక్సిజనూ హైడ్రోజనూ కూడిన కొస. ఆ చెయ్యి అందిస్తే నీళ్ళు లోపలికి గుంజుకుంటయి. టోలీన్‌కు ఆ చెయ్యి లేదు. ఒళ్ళంతా కార్బనే. అందుకే నీళ్ళు దాన్ని బయటికి నెట్టేస్తయి. నూనె, పెట్రోలు, కిరసనాయిలు, అన్నీ ఆ కులమే."

"అయితే చెయ్యున్నదల్లా కలుస్తదా?"

ప్రశ్న బాగుంది. ఈ మనిషి మొండివాడే గాని మొద్దు కాదని రుఖయ్యా లోలోపల ఒప్పుకుంది.

"ఒంటిని బట్టి సార్. చెయ్యి ఒకటే ఉండి, వెనక కార్బన్ల తోక పొడుగైతే నీళ్ళు మొయ్యలేవు, సగమే రానిస్తయి. తోక ఇంకా పెరిగితే అదీ లేదు. తోక పొట్టిదైతే ఎంత పోసినా కలుస్తది."

"బాగుంది పాఠం." కామరాజు రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. మొహం గట్టిపడింది. "కోర్టుల మీ సీసాలు చెల్లవు. ఊరంతా బాయి వాసన చూసింది. ట్యాంకరోడు తెచ్చినని ఒప్పుకున్నడు. టోలీన్ కలవకపోతే మరి మొగులయ్య ఏం తాగి చచ్చిండు?"

"కలిసిందేదో తాగి సచ్చిండు సార్. కలిసిపోయింది కాబట్టే ఎవరికీ కనపడలే. బాయిల పోసింది మన కండ్లకూ ముక్కులకూ."

ఆమె తూర్పు వైపు గోడ దగ్గర కూర్చుని వేలితో చూపింది. ఉగాదికి మొగులయ్య గోడ చుట్టూ ఎర్రటి ఆయిల్ పెయింట్ పట్టీ వేయించుకున్నాడు. మూడు దిక్కులా రంగు నిగనిగలాడుతోంది. తూర్పున మాత్రం జానెడు మేర కరిగి, ఎర్రటి చారలు బావి లోపలికి కారి ఉన్నాయి. నీళ్ళు ఎన్నేళ్ళు తగిలినా కరగని రంగును టోలీన్ ఇట్టే కరిగిస్తుంది. దాని జాతి దానిది.

"పోసింది ఈడ నిలబడి. ట్యాంకరు ఆగేది పడమట కంచె అవతల. గొట్టం ఇంత దూరం రాదు. డ్రమ్మును ఎవరో దొర్లించుకొచ్చి చేత్తో వంచిన్రు." లేచి చేతులు దులుపుకుంది. "సార్, బాయి ఆదివారం నుంచే వాసనొస్తుందని మీ కాగితంల ఉన్నది. ఎవరు చెప్పిన్రు?"

"ఫిర్యాదు ఇచ్చినాయనే. మొగులయ్య అన్న కొడుకు శ్రావణ్‌కుమార్. చదువుకున్నోడు, ఇంటోళ్ళ తరఫున అంతా తనే చూసుకుంటున్నడు. మొగులయ్య చేసే కంపెనీలనే షిఫ్టు కెమిస్టు."

"కెమిస్టా?"

శ్రీశైలం చెప్పడానికి భయపడింది ఏ కంపెనీ మనిషి పేరో రుఖయ్యాకు తట్టింది. టోలీన్ కలిసిన నీళ్ళు తాగి చచ్చాడని ఊరివాళ్ళు అనొచ్చు. పోలీసులు అనొచ్చు. రోజూ రియాక్టర్ల కింద నీళ్ళ పొరను, టోలీన్ పొరను వేరు చేసే చేతులు ఆ మాట రాశాయంటే?

"తెల్వనోడంటే తప్పు సార్," అంది మెల్లగా. "తెలిసినోడంటే అబద్ధం."

"చనిపోయినాయన సొంత అన్న కొడుకు మేడమ్! నోరు జారకున్రి." కామరాజు గొంతు పెంచాడు. "కెమిస్టును వదిలి డ్రైవర్‌ను పట్టుకుంటే నా మీద కంప్లయింటు రాదు. డ్రైవర్‌ను వదిలి కెమిస్టును పట్టుకుంటే కంపెనీ వకీళ్ళు నా టోపీ ఎగరగొడ్తరు. మీకేం, బోర్డు తీసి ఇంకో వీధిల పెట్టుకుంటరు."

మాట పొరపాటున బయటికొచ్చిందని అతనికీ తెలిసింది. కానిస్టేబుల్ ఫోను చూసుకుంటున్నట్టు నటించాడు. కాకుల్ని కొట్టి గద్దలకు వేయడం కొత్తేం కాదు గాని, ఇంత తేటగా ఎవరూ చెప్పరు. రుఖయ్యాకు కోపం అరికాలి నుంచి లేచింది.

"పదున్రి సార్, మొగులయ్య ఇంటామెను ఒక్క మాట అడుగుదాం. ఆమె గూడ ఆదివారమే అంటే నేనే మీ కాగితం మీద సంతకం పెట్టి పోత."

* * *

ఇల్లు రెండు మళ్ళ అవతలే. ముందు రేకుల పందిరి కింద రాళ్ళ పొయ్యి మీద పెద్ద గిన్నె, గిన్నెలో అన్నం అడుగంటిన వాసన. మొగులయ్య భార్య అరుణమ్మ లోపల గోడకు చేరగిలబడి కూర్చుంది. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బిపోయింది. రుఖయ్యా ఆమె పక్కనే నేల మీద కూర్చుని చెయ్యి పట్టుకుంది. కామరాజు గడప దగ్గరే నిలబడ్డాడు.

"అరుణమ్మా, బాయి వాసన ఎప్పటి సంది వస్తుంది?"

"మంగళారం పొద్దుగాల. శ్రావణ్ వచ్చి చిన్నమ్మా, బాయి వాసనొస్తుంది, ముట్టకున్రి అన్నడు. అంతకుముందు యాడిది? సోమారం పొద్దంత నేను ఆ నీళ్ళతోనే ఆయన నెత్తి మీద గుడ్డ తడిపి ఏసిన. ఆ నీళ్ళే తాగిపిచ్చిన."

రుఖయ్యా వెనక్కి తిరగలేదు. ఇన్‌స్పెక్టర్ బూటు గడప మీద కదిలిన చప్పుడు మాత్రం విన్నది.

"ఆయనకేమైంది మొదాలు?"

"సోమారం లేసుడే తల పగులుతుందన్నడు. కడుపుల నొప్పన్నడు. పన్నెండు గొట్టంగ మంచంల కూసొని, లైటెయ్యే, ఎందుకింత మబ్బుగున్నది అన్నడు." అరుణమ్మ వాకిటి ఎండ వైపు చెయ్యి చూపింది. "పట్టపగలు మేడమ్. సూర్యుడు నడినెత్తిన ఉన్నడు. నేను లైటేసిన గూడ. కనపడుతలేదే అని ఏడ్సిండు. ముప్పై ఏండ్లల ఆయన ఏడ్సంగ నేను చూడలే."

రుఖయ్యా పట్టుకున్న చేతిని వదల్లేదు. టోలీన్ మత్తెక్కిస్తుంది, తల తిప్పుతుంది. ఇలా ఒక్క పూటలో కళ్ళార్పదు. కళ్ళు తీసి ఆ తరవాత ప్రాణం తీసేది వేరే ఉంది. ఒక్క కార్బను, ఒక్క చెయ్యి. అన్నిటికంటే పొట్టిది. మందుల కంపెనీల్లో డ్రమ్ములకు డ్రమ్ములు ఉండేది. మిథనాల్. నీళ్ళలో పోసినా, సారాలో పోసినా, ఎంత పోసినా గీత పడదు.

"ఆదివారం ఆయన మందు తాగిండా?"

అరుణమ్మ ఇన్‌స్పెక్టర్ వైపు బెదురుగా చూసింది.

"తాగిండు. శ్రావణే తెచ్చిండు. ఇద్దరికి మొన్నటిదాక మాటల్లేవు మేడమ్. కంపెనీ ఎనుక నుంచి నాలాకు దొంగ పైపు ఏసిన్రు, ఆఫీసర్లొస్తే నేనే చూపిస్త అని మా ఆయన పట్టు పట్టిండు. నా నౌకరి పోతది చిన్నాయినా అని శ్రావణ్ కాళ్ళు మొక్కిండు. ఈయన ఇనలే. ఆదివారం పొద్దుగూకంగ ఫుల్ బాటిల్ తెచ్చి, కోపం ఇడిసిపెట్టు చిన్నాయినా అన్నడు. మా ఆయన ఎంత సంబురపడ్డడో!"

"శ్రావణ్ తాగిండా?"

"కడుపుల బాగలేదన్నడు."

"సీసల ఏమన్న తేలిందా? మూత తియ్యంగ పెయింటు వాసనొచ్చిందా?"

"ఏం లేదు. అంత ఒక్క తీరున్నది. మా ఆయన సగం తాగి, నాకు కనపడకుండ యాడనో దాసిపెట్టిండు. శ్రావణ్ గూడ మంగళారం ఇల్లంత దేవులాడిండు. చిన్నాయిన తాగిన సీస ఏడున్నది చిన్నమ్మా అని రెండుమార్లు అడిగిండు. నాకెరుకుంటే గద."

సగం మిగిలింది. ఇంకా ఇంట్లోనే ఉంది. ఆ సీసా దొరికితే నెల ఆగనక్కర లేదు, ల్యాబులో తన పాత స్నేహితురాలు ఒక్క పూటలో తేల్చేస్తుంది. శ్రీశైలం నాలుగింటికి కోర్టులో నిలబడినా తల ఎత్తుకుని నిలబడొచ్చు.

"వెతుకుదాం అరుణమ్మా. లే. ఇల్లు నాకు చూపెట్టు."

"ఎతుకుడెందుకు మేడమ్? దొరికింది. పొద్దుగాల బర్రెకు తవుడు తీస్తుంటే డబ్బాల బయటపడ్డది." అరుణమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఇయ్యాల మూడో దినం గద. పిట్టకు పెట్టనీకి కూర, అన్నం అన్నీ చేసిన. ఆయనకిష్టమైన మందు గూడ దొరికె. ఆయన నోటిదాకా పోయినదే, ఆయన ఆత్మ సంతోషపడ్తదని మా బావకు ఇచ్చి చితి కాడికి పంపిన."

కామరాజు గడప దాటి లోపలికి వచ్చేశాడు. "ఎవరెవరు పోయిన్రు?"

"పాలోళ్ళందరు. మా బావ సంగయ్య, శ్రావణ్, ఇంకో ఏడెనిమిది మంది. పోయి గంటయితుంది." ఆమె ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. "ఏమైంది మేడమ్? పిట్ట ముట్టినంక అందరు తలా ఇంత తాగాలె గద. రివాజే గద?"

చచ్చిపోయినవాడికి ఇష్టమైనదంతా చితి దగ్గర పెట్టి, కాకి ముట్టాక మిగిలింది అయినవాళ్ళంతా పంచుకోవడం ఈ సీమలో తరతరాల మర్యాద. వద్దన్నవాడు పోయినవాణ్ణి వద్దన్నట్టే. రుఖయ్యా దుపట్టా నడుముకు బిగించి పరుగెత్తింది. వెనక నుంచి కామరాజు 108కు ఫోను చేసి అరుస్తున్నాడు, ఒక్కటి కాదు మూడు బండ్లు కావాలని.

* * *

చితి ఆరిన చోట బూడిదను కుప్పగా చేసి, చుట్టూ నీళ్ళు చల్లారు. విస్తరాకులో మెతుకులు చెదిరి ఉన్నాయి. కాకి ఎప్పుడో ముట్టి పోయింది. మగవాళ్ళు గుండ్రంగా కూర్చుని చేతులు కడుక్కుంటున్నారు. మధ్యలో సీసా ఉంది. అడుగున గుక్కెడు మిగిలింది.

"ఈ సీసల మందు ఎవరెవరు తాగిన్రు?" రుఖయ్యా ఆయాసంతో అడిగింది.

తెల్ల తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ముసలాయన తలెత్తాడు. మొగులయ్య అన్న సంగయ్య. "అందరం ముట్టినమమ్మా. ఎవరు నువ్వు?"

"అందరా?"

"మావోడొక్కడు తప్ప." సంగయ్య పక్కన నిలబడిన కొడుకును చూపించాడు. ఇస్త్రీ చొక్కా, మూడు రోజుల గడ్డం. శ్రావణ్‌కుమార్. "కడుపుల బాగలేదన్నడు. పోసినంక పారబోస్తే నా తమ్ముడు తప్పు పడ్తడని వాని పాలు గూడ నేనే తాగిన."

రుఖయ్యా శ్రావణ్ కళ్ళలోకి చూసింది. ఆ కళ్ళు సీసా మీద ఉన్నాయి. తండ్రి మొదటి గ్లాసెత్తినప్పుడు ఇక్కడే ఉన్నాడు. రెండోది ఎత్తినప్పుడూ ఇక్కడే ఉన్నాడు. నోరు విప్పితే తాను పోతాడు, విప్పకపోతే తండ్రి పోతాడు. ఈ మనిషి గంట సేపు ఆ రెంటి మధ్య నిలబడి ఏమీ మాట్లాడలేదు.

"శ్రావణ్‌కుమార్, దాంట్ల ఏం కలిపినవో చెప్పు. బండ్లు వస్తున్నయి. పేరు చెప్తే డాక్టర్లు ఈ నిమిషం నుంచే మందు మొదలుపెడ్తరు. అందరు బతుకుతరు, కండ్లు గూడ దక్కుతయి."

"మీరేం మాట్లాడుతున్నరో నాకు తెల్వదు," అన్నాడు శ్రావణ్. పెదవులు తడారిపోయి ఉన్నాయి. "చిన్నాయిన బాయి నీళ్ళు తాగి పోయిండు. పోలీసులే చెప్పిన్రు."

కూర్చున్నవాళ్ళలో గగ్గోలు లేచింది. సంగయ్య మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచాడు. మంచి రోషం గల మనిషి.

"నా కొడుకును అంటున్నవా అమ్మా? నా తమ్మునికి వాడు కొడుకసొంటోడు. చితికి కట్టె పెట్టింది వాడే. దీంట్ల ఏమున్నది? నా తమ్ముడు తాగిన మందున్నది. ఇగో సూడు, అందరి ముందు సూడు!"

వంగి సీసా అందుకున్నాడు. రుఖయ్యా ముందుకు దూకే లోపే మూతి పెదవులకు ఆనింది.

శ్రావణ్ విరుచుకుపడి తండ్రి చేతి మీద కొట్టాడు. సీసా ఎగిరి బూడిదలో పడింది. "వద్దు నాయినా!" రెండు చేతులతో ముసలాయన దవడలు పట్టుకుని పెడబొబ్బలు పెట్టాడు. "కక్కు! వేలు పెట్టి కక్కు నాయినా! తాగినదంతా కక్కెయ్యి! మిథనాల్ అది, మిథనాల్!"

కామరాజు వెనక నుంచి వచ్చి ఆగిపోయాడు. పెద్దరోడ్డు వైపు నుంచి సైరన్ మోత సన్నగా మొదలైంది.

సంగయ్య కొడుకు చేతులను ఒక్కొక్కటిగా తన మొహం మీద నుంచి తీశాడు.

"మరి మీ చిన్నాయినకెందుకు చెప్పలేదురా?" అన్నాడు.